కాంతితో జన్యువుల అదుపు

ఎంపిక చేసిన ఒక జన్యువు ఎప్పుడు పనిచేయాలి, ఎంతసేపు పనిచేయాలి, జీవి శరీరంలో ఏ చోట పనిచేయాలి అన్నది వెలుతురుతో నిర్ణయించే పద్ధతి ఇది. జన్యువు పనిచేయడమంటే దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడం, ఆ నకలును చదువుకుని కణం ప్రొటీన్ చేసుకోవడం. ప్రతి జన్యువు ముందూ ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగం ఉంటుంది. నకలు తీసే యంత్రాంగం వచ్చి కూర్చునేది అక్కడే. అక్కడికి దాన్ని రానివ్వాలా వద్దా అన్నది తేల్చే ప్రొటీన్లకు వెలుతురును గుర్తుపట్టే మరో ప్రొటీన్‌ను అతికిస్తే, దీపం వెలిగించినప్పుడు జన్యువు మేలుకుంటుంది, ఆర్పినప్పుడు నిద్రపోతుంది. కొన్ని ఏర్పాట్లలో ఇది తిరగబడి, చీకట్లో మేలుకునే జన్యువులూ ఉంటాయి.

దీన్ని ఆప్టోజెనెటిక్స్ అనే పెద్ద గొడుగు కిందే చేరుస్తారు. అయితే ఆ పేరు వినగానే చాలామందికి తట్టేది మెదడు కణాల సంగతి. 2005 నుంచి నాచుమొక్కల ప్రొటీన్లతో నాడీకణాలను వెలుతురుతో ఉత్తేజపరుస్తున్నారు. అక్కడ వెలుతురు తెరిచేది కణపు పొరలోని అయాన్ల ద్వారాన్ని, ఫలితం మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. ఈ వ్యాసం సంగతి వేరు. ఇక్కడ వెలుతురు తాకేది జన్యువును, కాబట్టి ఫలితం తెలియడానికి నిమిషాలు, గంటలు పడుతుంది.

వెలుతురే ఎందుకు

జన్యువులను రసాయనాలతో ఆన్ చేయడం పాత పద్ధతి. ప్రయోగశాలలో ఐపీటీజీ, అరబినోజ్, టెట్రాసైక్లిన్ రోజువారీ సరుకులు. ఫ్యాక్టరీలోనూ ఇదే తీరు. హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వాక్-బి, మన దేశంలో జన్యు ఇంజనీరింగ్‌తో తయారై బజారుకు వచ్చిన తొలి టీకా. హెపటైటిస్-బి వైరస్ ప్రొటీన్ ఒకదాన్ని పికియా అనే ఈస్ట్‌లో తయారు చేసి ఆ టీకా చేశారు. పికియాలో మనం పెట్టిన జన్యువును మేల్కొల్పే సంప్రదాయ మార్గం మిథనాల్. ఆ ఈస్ట్‌కు మిథనాల్ తినే అలవాటు ఉంది, తినడానికి కావలసిన ఎంజైమ్ జన్యువు ముందున్న ప్రమోటర్ చాలా బలమైనది. దాని వెనుక మన జన్యువును తగిలిస్తే సరిపోతుంది. కాకపోతే మిథనాల్ మండే సరుకు, ఎక్కువైతే ఈస్ట్‌కే విషం, దాన్ని తినేటప్పుడు కణాలు విపరీతంగా వేడెక్కుతాయి కూడా.

వీటికన్నా మౌలికమైన ఇబ్బంది మరొకటి. ఫెర్మెంటర్‌లో కలిపిన రసాయనం పప్పులో పడిన ఉప్పులాంటిది, మళ్లీ వెనక్కి తీయలేం. కణాలు దాన్ని తిని అరిగించుకునేదాకానో, ద్రవం మొత్తం మార్చేదాకానో జన్యువు ఆన్‌లోనే ఉంటుంది. పైగా అది పాత్రంతా పాకుతుంది. ఈ మూల కణాలకు ఇచ్చి ఆ మూల కణాలకు ఇవ్వకుండా ఆపడం కుదరదు. వెలుతురుకు ఈ రెండు చిక్కులూ లేవు. మీట నొక్కితే పోతుంది. ముసుగు అడ్డం పెడితే ఒక గీత మేరకే పడుతుంది. ఎంత తీవ్రత, ఎన్ని సెకన్లు, ఎన్ని విరామాలు అన్నది కంప్యూటర్‌కు అప్పగించవచ్చు. స్విట్జర్లాండ్‌లో ముస్తఫా ఖమ్మాష్ బృందం 2011లో చేసినది అదే. ఈస్ట్ కణాలు ఎంత ప్రొటీన్ చేస్తున్నాయో కొలుస్తూ, ఎక్కువైతే ఒక రంగు, తక్కువైతే మరో రంగు వెలుతురు కంప్యూటరే పంపేలా అమర్చి, ప్రొటీన్ మోతాదును అనుకున్న చోట నిలబెట్టారు. రసాయనాలతో ఇంత సుళువుగా సాగే పని కాదిది.

మొక్కల దగ్గర అరువు

ఈ పరికరాలను మనిషి కొత్తగా కనిపెట్టలేదు. కాంతిని గుర్తుపట్టే ప్రొటీన్లలో చాలావరకు మొక్కలు, శిలీంధ్రాలు, బాక్టీరియాల నుంచి తెచ్చినవే. అందులోనూ ఎక్కువ అప్పు మొక్కలకే ఉంది.

పాత రకం కందిని జూన్‌లో వేసినా, కొన్ని వారాలు ఆలస్యంగా వేసినా పూత ఇంచుమించు ఒకే కాలంలో వస్తుందన్నది పాలమూరు రైతుకు తెలిసిన సంగతే. మొక్క లెక్కపెట్టేది తన వయసును కాదు, రాత్రీపగళ్ల నిడివిని. దీన్ని శాస్త్రంగా నిలబెట్టినవారు అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్. 1920లో వారు ప్రచురించిన పొగాకు, సోయా ప్రయోగాలు పగటి నిడివి పూతను శాసిస్తుందని చూపాయి. అదే శాఖ బెల్ట్స్‌విల్ కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో లెట్యూస్ గింజలతో మరో వింత చూసింది. ఎర్రటి వెలుతురు పడితే గింజ మొలకెత్తింది. వెంటనే ఇంకాస్త పొడవు తరంగాల దూర ఎరుపు వెలుతురు చూపితే మొలక ఆగిపోయింది. ఎరుపు, దూర ఎరుపు మార్చి మార్చి ఎన్నిసార్లు చూపినా, చివర పడిన వెలుతురు మాటే చెల్లింది. అంటే గింజలో రెండువైపులా తిరిగే మీట ఉన్నదన్నమాట. 1959లో ఆ వర్ణక ప్రొటీన్‌ను పట్టుకున్నారు. అదే ఫైటోక్రోమ్. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపుతో ఒక రూపం, 730 దగ్గరి దూర ఎరుపుతో మరో రూపం దాల్చుతుంది.

నీలి కాంతిని చూసేవి ఆలస్యంగా దొరికాయి. 1993లో క్రిప్టోక్రోమ్ జన్యువు, 1997లో మొక్కను వెలుతురు వైపు వంచే ఫోటోట్రోపిన్ జన్యువు బయటపడ్డాయి. అతినీలలోహిత-బి కిరణాలను గుర్తుపట్టే యూవీఆర్8 పనితీరు 2011లో తేలింది. దానికి వర్ణకమే అక్కర్లేదు, తనలోని ట్రిప్టోఫాన్‌లతోనే కాంతిని పట్టేస్తుంది.

జన్యు మార్పిడి మొక్కల్లో వెలుతురు ప్రమేయం సింథటిక్ బయాలజీ అన్న మాట వాడుకలోకి రాకముందే మొదలైంది. కిరణజన్య సంయోగక్రియలో ముఖ్యమైన రుబిస్కో ఎంజైమ్ చిన్న ఉపభాగపు ప్రమోటర్‌ను బఠానీ నుంచి తీసి మరో జన్యువుకు తగిలించి పొగాకులో పెడితే, వెలుతురులో ఆ జన్యువు పనిచేయడం 1984లోనే చూపారు. అయితే అది మొక్క సొంత ఏర్పాటును మొత్తంగా ఎత్తి పెట్టుకోవడం. తెల్లారగానే ఆన్, పొద్దుగూకగానే ఆఫ్. మనం చెప్పినప్పుడు ఆన్ కావడం కాదు.

ప్రొటీన్ లోపల ఏం జరుగుతుంది

ఫోటోట్రోపిన్‌లో వెలుతురు పట్టే భాగాన్ని లవ్ డొమైన్ అంటారు. సుమారు 110 అమైనో ఆమ్లాల చిన్న మడత అది. ఆ మడత సందులో ఎఫ్ఎంఎన్ అనే అణువు ఇరుక్కుని ఉంటుంది, మనం బి2 విటమిన్ అని పిలిచే రైబోఫ్లావిన్‌కు ఫాస్ఫేట్ చేరిన రూపం. 450 నానోమీటర్ల నీలి కాంతి పడగానే ఎఫ్ఎంఎన్ పక్కనున్న సిస్టీన్‌తో బంధం వేసుకుంటుంది. ఆ చిన్న బిగువుకు డొమైన్ అంచున ఆనుకుని ఉన్న హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం) విడిపోతుంది. ఆ హెలిక్స్ చాటున మనం ఏ సంకేతం దాచి ఉంచితే అది బయటపడుతుంది. చీకటి చేస్తే బంధం తనంతట తానే తెగి యథాస్థితికి వస్తుంది.

ఎంతసేపటికి వస్తుందన్నదే అసలు బేరం. ఓట్స్ మొక్క లవ్2 డొమైన్ ఒక నిమిషం అటూఇటూగా సర్దుకుంటుంది. సముద్ర బాక్టీరియా నుంచి వచ్చిన ఈఎల్222 అర నిమిషంలోనే తేరుకుంటుంది. రొట్టె బూజు న్యూరోస్పోరాలోని వివిడ్ ప్రొటీన్‌కు గంటలు పడుతుంది. వేగంగా సర్దుకునేదాన్ని వాడితే దీపం ఎడతెగకుండా వెలగాలి, కణాలకు కాంతి తాపం తగులుతుంది. నిదానించేదాన్ని వాడితే అప్పుడప్పుడు ఒక మెరుపు చాలు, కాని ఆపమన్నప్పుడు వెంటనే ఆగదు. మంచి స్విచ్, చెడ్డ స్విచ్ అని విడదీయలేం. పనినిబట్టే ఎంపిక.

లవ్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఎఫ్ఎంఎన్ ప్రతి జీవకణంలోనూ సహజంగా దొరకడం. ఫైటోక్రోమ్‌కు ఆ అదృష్టం లేదు. మొక్క ఫైటోక్రోమ్‌కు కావలసిన బిలిన్ జాతి వర్ణకం ఈస్ట్‌లో గాని, మన కణాల్లో గాని లేదు. బయటి నుంచి పోయాలి, లేదంటే దాన్ని తయారుచేసే జన్యువులను కూడా జతగా పెట్టాలి. అయినా ఫైటోక్రోమ్‌ను వదులుకోలేరు. చీకట్లో తనంతట తాను మారేదాకా ఎదురుచూడనక్కర లేకుండా ఒక రంగుతో ఆన్, మరో రంగుతో ఆఫ్ చేయగలగడమే దాని బలం. పైగా ఎర్రటి వెలుతురు కణజాలంలో నీలం కన్నా లోతుకు దిగుతుంది.

2002 నుంచి

కాలిఫోర్నియాలో పీటర్ క్వెయిల్ బృందం 2002లో మొక్క ఫైటోక్రోమ్-బిని, వెలుతురులో దాన్ని అంటిపెట్టుకునే పిఫ్3 ప్రొటీన్‌ను తీసుకుని ఈస్ట్‌లో పెట్టింది. ఒకదానికి డీఎన్‌ఏను పట్టుకునే భాగం, ఇంకోదానికి జన్యువును రేపే భాగం తగిలించారు. ఎర్రటి వెలుతురులో రెండూ కలుసుకుని జన్యువు ఆన్ అయింది, దూర ఎరుపులో విడిపోయి ఆఫ్ అయింది. కాంతితో నడిచే తొలి కృత్రిమ ప్రమోటర్ ఏర్పాటు ఇదే. ఆ తర్వాత వచ్చిన ఏర్పాట్లలో చాలా దీని నమూనాలోనివే. భాగాలు మారాయి, ఉపాయం అదే.

లోకం దృష్టి మాత్రం 2005 నాటి ఫోటో మీద పడింది. క్రిస్టఫర్ వాయిట్ ప్రయోగశాల, టెక్సాస్‌లో ఆండ్రూ ఎల్లింగ్టన్ ప్రయోగశాల కలిసి ఇ. కోలై బాక్టీరియాలో నీలిఆకుపచ్చ నాచు ఫైటోక్రోమ్‌ను బాక్టీరియా సొంత గ్రాహకం ఎన్విజెడ్ తోకకు అతికించాయి. వర్ణకం కోసం సినెకోసిస్టిస్ అనే అదే నాచు నుంచి మరో రెండు జన్యువులు తెచ్చిపెట్టారు. ఎర్ర వెలుతురు పడినచోట జన్యువు ఆగిపోయేలా, చీకటి ఉన్నచోట నల్లటి రంగు తయారయ్యేలా కూర్చారు. బాక్టీరియా పొర మీద బొమ్మను ప్రసరింపజేస్తే పొర మీద ఫోటో ముద్రపడింది. ఒక్కో బాక్టీరియా ఒక్కో చుక్క కాబట్టి స్పష్టత చదరపు అంగుళానికి 10 కోట్ల చుక్కల స్థాయిలో ఉంటుందని లెక్కగట్టారు. దాని వల్ల ఎవరికి లాభం అని అడిగినవాళ్లు ఉన్నారు, అడగవలసిన మాటే. కాని ఈస్ట్ లాంటి సంక్లిష్ట కణానికే కాదు, అతి సామాన్యమైన బాక్టీరియాకూ చూపు ఇవ్వవచ్చని తేల్చింది ఆ ఫోటోనే. 2017 నాటికి వాయిట్ బృందమే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులనూ వేరువేరుగా గుర్తించి మూడు జన్యువులను నడిపే ఇ. కోలైని తయారు చేసింది.

మధ్యలో పనిముట్లు గుట్టగా వచ్చిపడ్డాయి. బాక్టీరియాకు పి-డస్క్, పి-డాన్ ప్లాస్మిడ్‌లు 2012లో వచ్చాయి. మొదటిది నీలి వెలుతురులో జన్యువును ఆపుతుంది, రెండోది ఆన్ చేస్తుంది. క్షీరద కణాల కోసం క్రిప్టోక్రోమ్-2, సిబ్1 జత 2010లో, చైనా పరిశోధకుల లైట్ఆన్ పద్ధతి 2012లో వచ్చాయి. ఎంచుకున్న డీఎన్‌ఏ వరుసను వెతికి పట్టే క్రిస్పర్ రాగానే దాన్నీ వెలుతురుకు కట్టారు. 2015లో రెండు వేర్వేరు బృందాలు ఎటువంటి డీఎన్‌ఏ వరుస దగ్గరికైనా నీలి కాంతితో రప్పించగల క్రిస్పర్‌ను ప్రచురించాయి. దీంతో కొత్త ప్రమోటర్‌ను పెట్టనక్కర లేకుండానే కణంలో ఉన్న జన్యువునే మేల్కొల్పవచ్చు.

గచ్చిబౌలి టమాటాలు

మన ప్రాంతంలో ఈ రంగానికి దగ్గరగా జరిగిన గట్టి పని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని రామేశ్వర్ శర్మ ప్రయోగశాలది. శర్మ 1970లలోనే మొక్కజొన్నలో, తరువాత జర్మనీలో షోప్ఫర్‌తో కలిసి ఆవ మొలకల్లో ఫైటోక్రోమ్ ఎంజైముల తయారీని ఎలా నడిపిస్తుందో చూసినవారు. గచ్చిబౌలిలో ఆయన, వై. శ్రీలక్ష్మి కలిసి టమాటా మీద చేసిన పని సింథటిక్ బయాలజీ కోసం మొదలైనది కాదు, కాని దానికి నేరుగా పనికివచ్చేది.

వాళ్లకు దొరికిన ఒక టమాటా మొలక, పక్కనుంచి నీలి వెలుతురు పడినా అటు వంగలేదు. దానికి ఎన్‌పీఎస్1 అని పేరు పెట్టారు. మొక్క ఫోటోట్రోపిన్-1 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి, ప్రొటీన్‌లో 495వ స్థానంలోని ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ వచ్చింది. ఆ చోటు లవ్2 డొమైన్‌కు ఆనుకుని ఉన్న హెలిక్స్‌లో ఉంది. దాంతో ఆ ప్రొటీన్ నీలి కాంతికి స్పందించి తనకు తాను ఫాస్ఫేట్ తగిలించుకునే పని మానేసింది. జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి రాసిన ఈ పరిశోధన 2014లో ప్లాంట్ ఫిజియాలజీ పత్రికలో వచ్చింది. ప్రపంచమంతా లవ్2 అంచునున్న హెలిక్స్‌ను స్విచ్‌గా వాడుకుంటున్న కాలంలో, ఆ డొమైన్ ఇంకో వైపునున్న హెలిక్స్‌లో ఒక్క అక్షరం తేడా మీటను మొత్తంగా జామ్ చేయగలదని చూపడం చిన్న సంగతి కాదు. స్విచ్ చేసేవాళ్లకు ఏ మరను ముట్టుకోకూడదో తెలియడం కూడా అవసరమే.

అదే మొక్క మీద 2021లో ప్లాంట్ జర్నల్‌లో వచ్చిన రెండో పత్రం మరింత ఆసక్తికరం. ఎన్‌పీఎస్1 పండ్లలో కెరోటినాయిడ్‌లు, అంటే లైకోపీన్ కుటుంబపు ఎర్ర రంగు పదార్థాలు, మామూలు కన్నా ఎక్కువగా ఉన్నాయి. వెలుతురు వైపు వంగడం, కాయ రంగు రెండు సంబంధంలేని పనులుగా కనిపిస్తాయి. కాంతి గ్రాహకం ఒకటి దెబ్బతింటే రెండూ కదిలాయి. జన్యువులో కోత పెట్టనవసరం లేకుండా, ఒక్క అక్షరం మార్పుతోనే వచ్చిన ఈ ఫలితం జన్యు మార్పిడి పంటల వివాదంలో చిక్కుకోకుండా సంకరణంతో వేరే రకాల్లోకి తీసుకుపోగలిగేది. నిజానికి, మన దేశంలో కాంతితో జన్యు నియంత్రణ పంట దాకా వెళ్లే తొలి దారి ఏదైనా ఉంటే అది స్విచ్‌ల దారి కాదు, ఇలాంటి మార్పుల దారే అని నా అంచనా.

హైదరాబాద్‌లో ఇంకో పాయ కూడా ఉంది. విశ్వవిద్యాలయంలో సీహెచ్. వెంకట రమణ, జేఎన్‌టీయూలో సీహెచ్. శశికళ చాలా కాలంగా వెలుతురుతో బతికే ఊదా బాక్టీరియాల కొత్త జాతులను వెలికితీస్తున్నారు. వెలుతురు, ప్రాణవాయువు మోతాదును బట్టి ఏ జన్యువులు తెరవాలో నిర్ణయించుకునే జీవులు ఇవి. స్విచ్‌ల కొత్త భాగాలు దొరికేది ఇలాంటి జీవుల్లోనే.

ఫెర్మెంటర్‌లో, ఒంట్లో

పరిశ్రమకు పనికివచ్చే ఫలితం ప్రిన్స్‌టన్ నుంచి 2018లో వచ్చింది. జోస్ అవలోస్, జారెడ్ టాట్చర్ బృందం ఈస్ట్ చేత ఐసోబ్యుటనాల్ అనే ఇంధన ఆల్కహాల్ చేయించింది. ఈస్ట్ పెరగాలంటే మామూలు ఆల్కహాల్ దారి తెరిచి ఉండాలి, ఐసోబ్యుటనాల్ కావాలంటే అది మూసుకోవాలి. రెండూ ఒకేసారి కుదరవు. కణాలు పెరిగే దశలో నీలి వెలుతురిచ్చి, ఉత్పత్తి దశలో దీపం ఆర్పేశారు. లీటరుకు 8.49 గ్రాముల ఐసోబ్యుటనాల్ వచ్చింది. ఈ ఏర్పాటులో తెలివి ఎక్కడుందంటే, చిక్కటి ఈస్ట్ ద్రవంలోకి వెలుతురు దిగదు. కణాలు పలచగా ఉన్న తొలి దశకు వెలుతురు, చిక్కబడిన తర్వాత చీకటి అని పంచడంతో ఆ బలహీనతే పద్ధతిలో భాగమైపోయింది. మధ్యమధ్య కొన్ని క్షణాల మెరుపులు కూడా చాలునని తేలింది. మన జీనోమ్ వ్యాలీ ఫ్యాక్టరీల వంటి చోట్ల, మిథనాల్ నిల్వ, అగ్నిమాపక ఏర్పాట్లు, చల్లబరిచే నీళ్ల ఖర్చు చూసేవారికి ఇది పట్టించుకోదగ్గ లెక్క.

వైద్యంలో తొలి అడుగు బాసెల్‌లో మార్టిన్ ఫుసెనెగర్‌ది. మన కంటి రెటీనాలోని మెలనాప్సిన్ ప్రొటీన్‌ను కణాల్లో పెట్టి, నీలి కాంతి పడితే చక్కెరను తగ్గించే జీఎల్‌పీ-1 హార్మోన్ విడుదలయ్యేలా 2011లో చేశారు. మధుమేహ ఎలుకల్లో పనిచేసింది. 2017లో షాంఘైలో హైఫెంగ్ యె బృందం దూర ఎరుపుకు స్పందించే కణాలను ఎలుక చర్మం కింద పెట్టి, స్మార్ట్‌ఫోన్‌తో దీపం వెలిగించింది. దూర ఎరుపును ఎంచుకోవడానికి కారణం ఉంది. నీలి కాంతి చర్మంలోకి మిల్లీమీటరు దిగేలోపే చెదిరిపోతుంది, ఎక్కువ చూపితే కణాలకే హాని. మనిషిలో ఇన్సులిన్ సూది స్థానాన్ని ఇది తీసుకోవాలంటే ఆ కణాలను ఒంటి రక్షణ వ్యవస్థ నెలల తరబడి సహించాలి, ఆ మెట్టు ఇంకా దాటలేదు.

పొలంలో: అయిజ లెక్క

అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పంట మొక్కలతోనే. ఈస్ట్‌ను చీకట్లో ఉంచవచ్చు, ఎలుకనూ ఉంచవచ్చు. మొక్క బతికేదే వెలుతురు మీద. సూర్యకాంతిలో నీలం, ఎరుపు, దూర ఎరుపు అన్నీ ఉంటాయి కనుక మన స్విచ్ పగలంతా నొక్కినట్లే ఉంటుంది.

ఈ ముడి విప్పితే ఎవరికి లాభమో చూడటానికి అయిజ వైపు వెళ్లవచ్చు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో, రాజోలిబండ కాలువ ఆయకట్టున ఉన్న ఊరు. 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. గద్వాల, అయిజ, మల్దకల్ చుట్టుపక్కల ఎకరాలకు ఎకరాలు సీడ్ పత్తే. దేశంలో హైబ్రిడ్ పత్తి విత్తనం వచ్చే ముఖ్య ప్రాంతాల్లో ఇదొకటి. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4 నుంచి మన హైబ్రిడ్ పత్తి విత్తనమంతా ప్రధానంగా చేతి క్రాసింగ్‌తో తయారయ్యేదే. సాయంత్రం ఆడ మొక్క మీద మరునాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, రేకులతో పాటు పుప్పొడి తిత్తులన్నీ వలిచేయాలి. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి రుద్దాలి. వారాల తరబడి రోజూ ఇదే పని. చూపు తప్పి ఒక మొగ్గ మిగిలిపోతే, అది తన పుప్పొడితోనే కాయ కట్టి విత్తనంలో కలుస్తుంది. తర్వాత కంపెనీ విత్తనాన్ని పెంచి చూసే జీఓటీ పరీక్షలో స్వచ్ఛత తక్కువ వస్తే, రైతుకు డబ్బు రాదు. కంపెనీ తరఫున విత్తనం పండించే ఆర్గనైజర్లకూ రైతులకూ మధ్య ఏటా పేచీ తెచ్చేది ఆ పరీక్షే. క్రాసింగ్‌లో పిల్లలను వాడటం గురించి దావులూరి వెంకటేశ్వర్లు 2003లో ఉమ్మడి రాష్ట్రం మీద రాసిన నివేదిక అప్పట్లో బహుళజాతి విత్తన కంపెనీలను ఇరుకున పెట్టింది.

ఈ విత్తనంలో ఉన్న, పురుగును చంపే బీటీ జన్యువు కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తెచ్చిన 35ఎస్ ప్రమోటర్‌తో నడుస్తుంది. 2002లో అనుమతి వచ్చిన మొదటి బీటీ పత్తి నుంచి ఇదే తీరు. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్రమోటర్‌గా చెబుతారు. ఆచరణలో అదీ సమంగా ఉండదు. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో కె.ఆర్. క్రాంతి బృందం 2005లో, మొక్క ముదిరే కొద్దీ విషం మోతాదు తగ్గుతుందని, కాయ గోడలో, పువ్వులో ఆకులో కన్నా తక్కువ ఉంటుందని లెక్కలు వేసి చూపింది. పురుగు దాడి చేసేది కాయనే.

అయితే అయిజకు ఎక్కువ విలువైన స్విచ్ పురుగుది కాదు, పుప్పొడిది. ఆడ మొక్కలో అడిగినప్పుడు పుప్పొడి రాకుండా చేస్తే సాయంత్రపు మొగ్గ వలిచే పని పోతుంది. ప్రకృతిలోనే ఇలాంటిదొకటి ఉంది. చైనా హుబేలో షి మింగ్‌సాంగ్ 1973లో కనుగొన్న నోంగ్‌కెన్ 58ఎస్ వరి, పగలు పద్నాలుగు గంటలకు దగ్గర పడితే పుప్పొడి కట్టదు, పగలు తగ్గితే కడుతుంది. పొడుగు పగళ్లలో హైబ్రిడ్ విత్తనం తీసుకోవచ్చు, పొట్టి పగళ్లలో అదే మొక్క తనను తాను పెంచుకుంటుంది. 2012లో దాని వెనుక పగటి నిడివిని బట్టి మారే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఒకటి ఉందని తేలింది. దీన్ని నేరుగా తెచ్చుకుందామంటే అయిజ సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో కూడా పగలు 13 గంటల దగ్గరే ఆగుతుంది. ఉష్ణమండలంలో పగటి నిడివి మీద కాకుండా ఉష్ణోగ్రత మీద నడిచే వంధ్యత్వాన్ని వెతికింది అందుకే. పైగా మనం సాగు చేసే పత్తి, అడవి పత్తిలో ఉన్న పగటి లెక్కను సాగులోకి వచ్చాక దాదాపు మరిచిపోయింది.

కృత్రిమ స్విచ్‌కే రావాలి. ఇక్కడ పనికివచ్చే ఆలోచన 2020లో డ్యుసెల్‌డార్ఫ్‌లో మాటియాస్ జుర్బ్రిగ్గెన్ బృందం ప్రచురించిన పల్స్. ఇందులో రెండు భాగాలున్నాయి. ఎరుపులో జన్యువును లేపే ఫైటోక్రోమ్-బి జత ఒకటి, నీలంలో అదే జన్యువును నొక్కిపెట్టే ఈఎల్222 ఒకటి. తెల్లటి పగటి వెలుతురులో నీలం ఉంటుంది కాబట్టి జన్యువు మూసి ఉంటుంది. చీకట్లో లేపేవాడు లేడు, కాబట్టి మూసే ఉంటుంది. ఒట్టి ఎరుపు మాత్రమే పడితేనే తెరుచుకుంటుంది. మొక్కలో బిలిన్ వర్ణకం ఎలాగూ ఉంటుంది కనుక బయటి నుంచి ఏదీ పోయనక్కర లేదు. ఆరాబిడాప్సిస్‌లో, పొగాకు జాతి మొక్క ఆకుల్లో ఇది పనిచేసింది. పొలంలో పగలు ఒట్టి ఎరుపు ఇవ్వలేం. రాత్రి ఎర్ర ఎల్ఈడీలు వెలిగిస్తే సూత్రరీత్యా చాలు. ఆ వెలుతురు పుప్పొడిని పోషించే పొరను చంపే బార్నేస్ జన్యువును తెరవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆవ హైబ్రిడ్ డీఎంహెచ్-11లో ఉన్నది ఆ బార్నేసే, అక్కడ అది స్విచ్ లేకుండా ఉంది. 2022 అక్టోబరులో దాని పర్యావరణ విడుదలకు జన్యు మార్పిడి పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ ఒప్పుకుంది. స్విచ్ ఉంటే ఆడ లైన్‌ను దీపం లేని పొలంలో మామూలు పత్తిలా పెంచుకోవచ్చు, క్రాసింగ్ పొలంలో మాత్రమే దీపాలు పెట్టవచ్చు.

కాగితం మీద కుదిరినది పత్తి చేనులో కుదరాలంటే అడ్డాలున్నాయి. పత్తి మొగ్గను మూడు పచ్చటి ఆకు రేకులు చుట్టి ఉంచుతాయి. పత్రహరితం ఎరుపును పీల్చేసుకుంటుంది. పై దీపపు వెలుతురు కింది కొమ్మల మొగ్గల దాకా, రేకుల్లోంచి లోపలికి ఎంత చేరుతుందన్నది మొదటి ప్రశ్న. పత్తి ఒకేసారి పూసి ఊరుకునే మొక్క కాదు, వారాలపాటు మొగ్గలు వేస్తూనే ఉంటుంది. పుప్పొడి పొర విరిగేది పువ్వు విచ్చడానికి చాలా ముందు. అంటే పూత కాలం మొదలవడానికి ముందే దీపాలు మొదలై ప్రతి రాత్రీ వెలగాలి. ఒక్క రాత్రి కరెంటు పోతే కొన్ని మొగ్గలు పుప్పొడి కడతాయి, జీఓటీలో అదే బయటపడుతుంది. రాత్రి ఎర్ర వెలుతురు పక్క పొలాన్నీ వదలదు. కంది లాంటి పొట్టి పగటి పంటకు రాత్రి మధ్యలో ఎరుపు చూపితే పూత వెనక్కి పోతుంది. గట్టు అవతల ఉన్న రైతుకు ఆ కారణం అర్థమయ్యేలోపు పంటకాలం అయిపోతుంది.

దీపాలు లేకుండా వంధ్యత్వం తెచ్చే దారులు పత్తిలో ఉన్నాయి, వాటినీ పోల్చాలి. జన్యు పురుష వంధ్యత్వ లైన్లలో సగం మొక్కలు పుప్పొడి కడతాయి, పూత వచ్చాక వాటిని ఏరిపారేయాలి. కణద్రవ్య వంధ్యత్వానికి పుప్పొడిని తిరిగి తెచ్చే మంచి మగ లైన్లు కావాలి. ఇవన్నీ పొలం మీద పనిచేసేవే, పోటీ చేతి పనితో మాత్రమే కాదు, వీటితో కూడా.

వీటికి ముందే ప్రయోగశాల మెట్టు ఉంది. పత్తి కణజాలం నుంచి మొక్కను పుట్టించడం కొన్ని రకాల్లోనే సులువు. మన మొదటి బీటీ పత్తికి మూలమైన మాన్ 531ను కోకర్ 312 అనే అమెరికా రకంలో చేసి, తర్వాత తరాల తరబడి వెనుక సంకరణాలతో మన లైన్లలోకి తెచ్చారు. పల్స్ లాంటి రెండు భాగాల స్విచ్, దానికి జతగా బార్నేస్ కూడా అదే దారిలో రావాలి. దిగుబడి, నార పొడవు చెడకుండా ప్రతి తరంలో చూసుకోవాలి. ఆ తర్వాత క్షేత్ర పరీక్షకు జీఈఏసీ అనుమతి కావాలి, దాంతో పాటు తెలంగాణ ప్రభుత్వం నుంచి నిరభ్యంతర పత్రం కూడా.